కొంగులో పట్టిన తాంబూలం

మా ఇంట్లో పెదవులు నాలుగుసార్లు చీలాయి. మూడుసార్లు నా మొగుడివి. నాలుగోసారి నాది.

నా మొగుడు నాదస్వరం వాయించేవాడు. మా అన్న డోలు. మా ఊరి నుంచి తిరుత్తణి కొండ మెట్ల దాకా నడిచి పోవచ్చు. కత్తీ నాదస్వరమూ ఒకే గూట్లో ఉండే ఇళ్లు మావి. ఊళ్లో గడ్డాలు గీసేదీ మేమే, పెళ్లికి వాయించేదీ మేమే. గడ్డం గీసేటప్పుడు మా కత్తి కింద మెడ వంచిన మనుషులే పెళ్లిలో తాగి మా మీద చెయ్యి చేసుకునేవాళ్లు. నాదస్వరం వాయించేవాడికి పెదవులే పొలం. రైతు పొలంలో గొడ్డు పడితే ఎంత బాధో, నా మొగుడి మూతి మీద దెబ్బ పడితే నాకు అంత.

మొదటిది పూండి పక్క ఒక ఊళ్లో. ఊరేగింపు ఏ వీధిలోంచి పోవాలనే దాని మీద పెళ్లికొడుకు పెదనాన్న కొడుకులు రాళ్లు రువ్వుకున్నారు. ఒక రాయి ఇతని మూతికి తగిలి పై పెదవి చీలింది. రెండోది తిరువళ్ళూరులో. తాగినవాడొకడు "ఇంకా గట్టిగా ఊదరా" అంటూ నాదస్వరం కింద ఉండే గంట లాంటి మూతిని అరిచేత్తో పైకి తోశాడు. వాయించేవాడికి అంతకంటే ప్రమాదం లేదు. నోట్లో పెట్టుకుని ఊదే పీక పెదవిని చీల్చుకుని లోపలికి దూసుకుపోయి అంగిట్లో గుచ్చుకుంది. రక్తం నాదస్వరం లోపలి నుంచి చుక్కలు చుక్కలుగా కింద పడిందని మా అన్న చెప్పాడు. మూడోది పట్టాభిరాంలో. సినిమా పాట అడిగారు. తాళి కట్టినాక వాయిస్తానన్నాడు. సోడాబుడ్డితో మూతి మీద కొట్టారు. కింది పెదవి చీలి, ముందు పన్ను ఒకటి ఊడిపోయింది.

నలభై రోజులు గంజి పోశాను. తర్వాత పీక నోట్లో పెట్టుకుంటే పన్ను లేని సందులోంచి గాలి బుస్సుమని పోయింది. అతను నాదస్వరాన్ని ఒళ్లో పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆ రోజే అనుకున్నాను, ఇంక ఈ మనిషిని ఒంటరిగా పెళ్లిళ్లకు పంపకూడదని.

అప్పుడే తిరువళ్ళూరులో ఒక ఏజెంటు ఉన్నాడని తెలిసింది. మేళాలు, మైకుసెట్లు, సీరియల్ లైట్లు అన్నీ అతనే పెళ్లిళ్లకు కుదిర్చేవాడు. అంతకుముందు బియ్యం మండీలో మూటలు మోసిన మనిషి. అతను కుదిర్చిన మేళం మీద ఎవరూ చెయ్యి వెయ్యరని చెప్పుకునేవాళ్లు. వేస్తే ఆ చెయ్యి ఉండదని కూడా చెప్పుకునేవాళ్లు. నాకు ఆ రెండో మాట ఎక్కువ నచ్చింది.

మా అన్నకు నచ్చలేదు.

"ఏజెంటు అంటే ఏందిమే? నా పెళ్లాన్ని నేను పిలిచేదానికి మద్దెలో ఇంకొకడు కావాల్నా?"

"నీకేం బావా," అన్నాడు నా మొగుడు, పెదవి కదిలించకుండా. "నీకు ముందర తోలు అడ్డం ఉండాది. నాకు నా మూతే ముందర."

"అట్లయితే రేపటి నుంచి నా డోలు నీ మూతికి కట్టుకో. నేను నీ యెనక నిలబడి కొడతా."

నవ్వితే మానిన పెదవి మళ్లీ చిట్లుతుందని నా మొగుడు నవ్వలేదు. మా అన్న ఒక్కడే నవ్వుకుని, నా వైపు చూశాడు. "నువ్వే చెప్పుమే. నీ మొగుడు, నీ అన్న. నువ్వు యెట్ల చెప్తే అట్ల."

నేను ఏజెంటు కావాలన్నాను. ఈ మాట దాచుకోను. మేం ఏజెంటు దగ్గర చేరింది నా మాట మీదే.

అప్పటిదాకా మాకు తాంబూలం మా గడప దగ్గరే అందేది. పెళ్లివాళ్లు పళ్లెంలో ఆకూ వక్కా టెంకాయా తెచ్చేవాళ్లు. మేళగాడి పెళ్లాం కొంగు పట్టి అందుకోవాలి. అందుకుంటే ఆ రోజు వాళ్లది. కన్నతండ్రి చచ్చినా ఆ ముహూర్తానికి పోయి వాయించాల్సిందే. వద్దనుకుంటే తిరిగి ఇచ్చెయ్యవచ్చు. కానీ ఎవరు అందుకున్నారో వాళ్లే పోయి, ఇచ్చినవాళ్ల చేతిలోనే పెట్టాలి. వాళ్లు పుచ్చుకోకపోతే కట్టు తెగదు. ఈ చుట్టుపక్కల మేళాల ఇళ్లన్నిటికీ ఇదే కట్టుబాటు. తెంపుకోకుండా పోయినవాణ్ణి ఏ ఇంటివాళ్లూ పక్కన కూర్చోబెట్టుకుని వాయించరు.

ఏజెంటు మా ఇంటికి వచ్చినప్పుడు వాకిలి చిన్నదైపోయినట్టు అనిపించింది. తల వంచి లోపలికి వచ్చి, నా మొగుడి గడ్డం పట్టుకుని మూతి ఎత్తి చూశాడు, సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు.

"ఎవుడు కొట్టినాడు తంగచ్చీ దీన్ని?" అన్నాడు, చెల్లెల్ని అరవంలో పిలిచినట్టు.

"పట్టాభిరాంలో అన్నా. సోడాబుడ్డితో."

"ఇంక దిగులు పడొద్దు. ఈ నోరు ఇప్పుడు నాది. నా నోటి మీద యెవుడు కొడతాడో చూస్తా."

ఇంక ఇంటి దగ్గర ఎవరి తాంబూలమూ పుచ్చుకోకూడదన్నాడు. ఏ ముహూర్తానికి పొమ్మంటే దానికి పోవాలన్నాడు. మా అన్న మూల నుంచి అడిగాడు.

"మా ఊరి గంగజాతరో?"

"అది మీ ఊరి పని. దానికి నేను అడ్డం రానుప్పా."

పళ్లెం చాచాడు. నేను కొంగు పట్టాను.

ఆ యేడు ఎవరూ నా మొగుణ్ణి ముట్టుకోలేదు. పన్ను లేని సందుకు అలవాటు పడి మళ్లీ వాయించాడు. ఏజెంటు పందిట్లో ఒక స్తంభానికి ఆనుకుని నిలబడితే, మేళం దగ్గరికి వచ్చేవాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని వచ్చేవాళ్లు.

తిరుత్తణి కొండ మీద ఒక పెళ్లికి నేనూ పోయాను. మాకు దగ్గరే కదా. మంటపంలో తాగినవాడొకడు తూలుతూ వచ్చి నాదస్వరం మూతి మీదికి చెయ్యి చాచాడు. పైకి తోస్తాడని నాకు తెలిసిపోయింది, లేచి నిలబడ్డాను. అంతలో ఏజెంటు వాడి మణికట్టు పట్టుకున్నాడు. చెయ్యి వెనక్కి విరిచి వాణ్ణి మంటపం బయటికి నడిపించుకుపోయి, రాతి స్తంభానికి మొహం పెట్టి కొట్టాడు. ఒకసారి కాదు. మెత్తబడేదాకా కొట్టాడు. తర్వాత చెప్పు తీసి చెవుల మీద కొట్టాడు. వాడు మెట్ల మీద కూలబడి ఉమ్మితే రక్తంలో పన్ను వచ్చింది. వాడి పెళ్లాం కాబోలు, ఒక ఆమె పరుగెత్తుకొచ్చి ఏజెంటు కాళ్లు పట్టుకుంది.

నేనేమనుకున్నానో రాయాలి. పన్నుకు పన్ను అయిందనుకున్నాను. కడుపు చల్లబడింది. ఆ ఆడమనిషి ఏడుపు వినిపించినా చల్లబడింది.

మేళం ఆగలేదు. నా మొగుడి స్వరం ఒక్కచోట వణికి నిలబడింది. మా అన్న మాత్రం వాయిస్తూనే నా మొహం చూశాడు. దిగివచ్చేటప్పుడు మెట్ల మీద అన్నాడు:

"ఏమే, నవ్వినావే."

"నేను నవ్వలా."

"నవ్వినావు. నేను చూసినా. ఆ చేతికి మనోళ్లెవురు, కానోళ్లెవురని తెల్దు మే. దానికి కొట్టేది మాత్రమే తెలుసు."

తర్వాతి యేడు వైశాఖంలో మా ఊరి జాతర వచ్చింది. గంగమ్మకు మేళాన్ని ఎవరూ పిలవరు. తెల్లవారేసరికి మేళం ఇంటి దర్వాజాకు వేపమండ కట్టి ఉంటుంది, అంతే. మండ కట్టినాక ఆ ఇంటివాళ్లు ఊరి పొలిమేర దాటకూడదు. మా తాతల నుంచీ ఎవరూ దాటలేదు.

అదే రోజుకు ఏజెంటు కవరైపేట్టైలో పెళ్లి ఒప్పుకున్నాడు. మాకు ముందుగా చెప్పనేలేదు. ఎండ ఎక్కకముందే వాకిట్లోకి వ్యాను వచ్చింది. ఏజెంటు, ఇంకో ఇద్దరు దిగారు.

నేను రుబ్బురోలు దగ్గర ఉన్నాను. డోలు వాయించేవాళ్లు కుడిచేతి వేళ్లకు గట్టి తొడుగులు వేసుకుంటారు. గుడ్డపేలికలు మైదాపిండి గంజిలో ముంచి, ఒక్కో వేలి కొలతకు తగిన పుల్ల మీద చుట్టి, ఎండబెడితే రాయిలా గట్టిపడతాయి. చిన్నప్పటి నుంచి మా అన్నకు అవి చుట్టిచ్చేది నేనే. ఆ పొద్దున జాతరకని కొత్తవి చుట్టి రోటి అంచు మీద ఆరబెట్టాను. మా అన్న పక్కనే కూర్చుని, ఆరాయా లేదా అని గోటితో తట్టి చూస్తున్నాడు.

"ఎక్కండి, ఎక్కండి. ముహూర్తం దగ్గరికొచ్చింది," అన్నాడు ఏజెంటు.

మా అన్న వేపమండ వైపు గడ్డం చూపించాడు. "ఈ పొద్దు యాడికీ రాము."

"ఆకు కడితే సరిపాయనా? అక్కడ పందిరి నిండా జనం కూర్చోనుండారు."

"అడ్డం రానంటివి గదప్పా నువ్వే. మా చెల్లెలి కొంగులో ఆకేసి చెప్తివి."

"ఆ పొద్దు ముహూర్తం లేదు. ఈ పొద్దు ఉండాది."

"అట్లయితే నువ్వే పోయి ఊదుకో. గాలి బాగానే ఉండాది నీకాడ."

ఏజెంటు వెంట వచ్చిన ఇద్దరూ నవ్వేశారు. ఆ నవ్వే మమ్మల్ని ముంచింది. మా అన్న అన్న మాట ఒక్కటే అయితే పోనిచ్చేవాడేమో. తన మనుషులు నవ్వారు.

చెంప మీద కొట్టాడు. మా అన్న కిందపడి, చేతికందిన డోలు పుల్లతో తిరిగి కొట్టాడు. ఏజెంటు కనుబొమ చిట్లి రక్తం కంట్లోకి కారింది. తుడుచుకోలేదు. "పట్టుకోండిరా" అన్నాడు. నవ్విన ఇద్దరే మా అన్న భుజాలు నేలకు అదిమి పట్టుకున్నారు. ఏజెంటు మా అన్న కుడిచెయ్యి లాగి రోటి అంచు మీద, తొడుగులు ఆరుతున్న చోటనే, పరిచి పెట్టాడు. రోట్లోంచి పొత్రం ఎత్తాడు. నేను రెండు చేతులతో గానీ ఎత్తలేని పొత్రాన్ని అతను ఒంటిచేత్తో ఎత్తి వేశాడు.

కట్టె విరిగినట్టు చప్పుడొస్తుందనుకుంటారు. అట్లా రాలేదు. పచ్చి చింతకాయ నమిలినట్టు వచ్చింది. రెండోసారి ఎత్తుతుంటే నేను ఏజెంటు ముంజేతిని కరిచాను. నోట్లోకి రక్తం వచ్చేదాకా కరిచాను. విదిలించాడు. పోయి గోడకు కొట్టుకున్నాను. రెండోసారీ వేశాడు.

గోడ దగ్గర నుంచి నా మొగుణ్ణి చూశాను. నాదస్వరం గుడ్డసంచి చంకలో ఉంది. అతను కదల్లేదు. ఎడమచెయ్యి మూతి మీద అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరూ అతణ్ణి కొట్టడం లేదు. అయినా ఆ చెయ్యి మూతి మీదే ఉంది.

"నువ్వు ఎక్కు. డోలు యాడైనా దొరకతాది," అన్నాడు ఏజెంటు.

నా మొగుడు ఎక్కాడు. ఎక్కేముందు నాతో ఒకే మాట అన్నాడు. "తాళికి మేళం లేకపోతే ఆ పిల్ల గతేంది?"

ఆ మాటను ఇన్నేళ్లుగా తిప్పి తిప్పి చూశాను. అది అబద్ధం కాదు. అదొక్కటే నిజమూ కాదు.

మధ్యాహ్నం ఊరివాళ్లు కర్రలతో వచ్చారు. మేళం లేకుండా గంగమ్మ ఉత్త పంబ వాద్యం చప్పుడుతోనే కదిలింది, అది ఊరికి అరిష్టం. నీళ్ల కుండలు తన్ని పగలగొట్టారు. దర్వాజాకున్న వేపమండ పీకి నా మొహాన కొట్టారు. అరుగు మీద పడుకున్న మా అన్న చెయ్యి చూశాక కర్రలు దించారు. ఒకాయన తన తువ్వాల తీసి మా అన్న చేతికి చుట్టాడు.

విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టు కట్టించడానికి బస్సులో తీసుకుపోయాను. మూడు వేళ్లు నిలబెడతానన్నాడు కట్టు కట్టే ఆయన. ఉంగరం వేలు, చిటికెన వేలు పిండైపోయాయి, వంకరగానే అతుక్కుంటాయి అన్నాడు. దారి పొడుగునా మా అన్న నాతో మాట్లాడలేదు.

మరుసటి రోజు నా మొగుడు తిరిగొచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు. మా అన్నే పిలిచాడు.

"వాయించినావా బావా ముహూర్తానికి?"

"వాయించినా."

"డోలెవురు?"

"ఎవుడో. యాడిదో."

"తాళం నిలబెట్టినాడా?"

"లేదు బావా. పరిగెత్తినాడు."

మా అన్న నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాడు. నా మొగుడు లోపలికి వచ్చి ఆ కట్టు పక్కన నేల మీద తల పెట్టుకున్నాడు. "నా చెయ్యి లేవలేదు బావా," అన్నాడు. "తెలుసులే," అన్నాడు మా అన్న.

తాంబూలం కట్టు తెంపుకోవాలని ముగ్గురికీ తెలుసు. తెంపుకోకపోతే ఏజెంటు మళ్లీ వ్యాను పంపుతాడు, నా మొగుడు మళ్లీ ఎక్కాలి. ఇంకో మేళంలో చేరడానికి లేదు. తాను పోతానని నా మొగుడు లేచాడు.

"నువ్వు యాడికి మామా? కొంగు పట్టింది నేను," అన్నాను.

అమావాస్య నాడు తిరువళ్ళూరు బస్సెక్కాను. ఆ రోజు కావాలనే పోయాను. గుడికి వచ్చే జనమంతా స్టేషన్ దారినే నడుస్తారు. ఏజెంటు గది ఆ దారిలోనే. తలుపు మీద పెద్ద బోర్డు ఉండేది. దాని మీద ఏముందో నాకు తెలియదు. నాకు అక్షరాలు వచ్చేసరికి ఆ బోర్డు లేదు.

లోపల బెంచీల మీద రెండు పెళ్లిళ్లవాళ్లు కూర్చుని ఉన్నారు. ఏజెంటు కనుబొమకు ప్లాస్టరు ఉంది. పళ్లెంలో ఆకూ వక్కా టెంకాయా పెట్టి అతని ముందు చాచాను.

"మీ తాంబూలం మీకు. పుచ్చుకోండన్నా."

"ఇంటికి పో తంగచ్చీ."

"పుచ్చుకుంటే పోతా."

పళ్లెం తోసేశాడు. కింద పడింది. వంగి, ఆకులు తుడిచి, మళ్లీ చాచాను. ఈసారి కాలితో తన్నాడు. టెంకాయ దొర్లి వీధిలోకి పోయింది. వీధిలో పోయేవాళ్లు ఆగారు. నేను టెంకాయ తెచ్చి మళ్లీ పళ్లెంలో పెట్టి చాచాను. పొత్రం చప్పుడు చెవుల్లో ఉంది. ఆ చెయ్యి లేవడం చూశాను. అరిచేత్తో కాదు, వెనకచేత్తో కొట్టాడు, ఉంగరంతో. కింది పెదవి నిలువునా చీలింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. పళ్లెం రెండు చేతులా పట్టుకుని ఉన్నాను. రక్తం గడ్డం మీదుగా తమలపాకుల మీద పడింది.

బెంచీ మీదున్న ముసలామె ఒకతె లేచింది. వాళ్ల మనవరాలి పెళ్లికి మేళం మాట్లాడేదానికి వచ్చిన ఆమె.

"లేయండిరా, లేయండి," అంది తన వాళ్లతో. "ఆకు మీద రత్తం పడ్డ కాడ మన పిల్లకి మేళం మాట్లాడేదా? తూ!"

వాళ్లు లేచారు. రెండో బెంచీవాళ్లు కూడా సంచులు సర్దుకున్నారు. ఏజెంటు వాళ్ల వైపు చేతులు చాచి, "ఉండండి అవ్వా, ఉండండి, ఇది ఇంటి గొడవ" అన్నాడు. ముసలామె గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది.

"ముందు ఆ బిడ్డ చేతిలోది పుచ్చుకోరా. దాన్నట్లా నిలబెట్టి నువ్వు ఇంకెవురికి శుభం చేస్తావు?"

వీధి నిండా జనం చూస్తున్నారు. ఏజెంటు పళ్లెం పుచ్చుకున్నాడు. పుచ్చుకున్నప్పుడు అతని బొటనవేలికి నా రక్తం అంటింది. దాన్ని పంచెకు తుడుచుకున్నాడు. నేను ఖాళీ కొంగు ఒకసారి విదిలించి బయటికి వచ్చాను.

ఇప్పుడు మా వాళ్లలో వాయించేవాళ్లు ఎవరైనా ఏజెంటును పెట్టుకోవాలా అని నన్ను అడుగుతుంటారు. వద్దని చెప్పను. నా మొగుడు ఆ తర్వాత ఏజెంటు లేకుండా వాయించి రెండుసార్లు తన్నులు తిన్నాడు. ఏజెంటు ఉన్న యేడు తినలేదు. అదీ నిజమే. ఆ చెయ్యి మీ వైపు తిరిగినప్పుడు తాంబూలం తిరిగి ఇచ్చేదానికి పోయేదెవురో ముందే అనుకోండి అని మాత్రం చెప్తాను.

ఇంటికి వచ్చాక నా మొగుడు పసుపు ఆముదంలో కలిపి నా పెదవికి రాశాడు. మూడుసార్లు నేను అతనికి రాసినట్టే, మధ్య నుంచి అంచులకు.

"నొస్తాందా?"

"నీకు తెల్దా?"

మా అన్న అరుగు మీద నుంచి కట్టు లేని చేత్తో నన్ను పిలిచాడు. జాతర రోజు తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది.

"మైదా ఉండాదామే ఇంట్లో?"

కట్టు విప్పినాక గంజి కాచాను. మూడు తొడుగులు ఎప్పటిలాగే చుట్టాను. మిగతా రెండు వేళ్లకు పాత కొలతలు పనికిరాలేదు. ఉంగరం వేలు పక్కకు ఒరిగి ఉంది, చిటికెన వేలు కొడవలి లాగా వంగి ఉంది. పుల్ల మీద చుట్టడానికి కుదరక, తడి పేలికలు నేరుగా ఆ వేళ్ల మీదే చుట్టాను. నొప్పికి అతని ఒళ్లు జలదరించింది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. అవి ఆరేదాకా ఎండలో చెయ్యి చాపుకుని కూర్చున్నాడు. తర్వాత డోలు లాక్కుని ఒక్కసారి కొట్టి చూశాడు.

శబ్దం మునుపటిది కాదు. నా మొగుడు లోపల నుంచి నాదస్వరం తెచ్చి పక్కన కూర్చున్నాడు.